ఆటతో కలిసే వియ్యం



పెళ్లికి వెళ్లొచ్చిన మనిషిని ఇంట్లోవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. భోజనాలు ఎలా ఉన్నాయి? ఎవరెవరు కనిపించారు? ఆ రెండో ప్రశ్నకు మనం చెప్పే జవాబులో అన్నీ పాత పేర్లే ఉంటాయి. మేనత్త కొడుకు కనిపించాడు, విజయవాడ పిన్నిగారు కనిపించారు, మనతో పనిచేసి రిటైరైన ఫలానా ఆయన కనిపించాడు. కొత్తగా ఎవరు పరిచయమయ్యారని ఎవరూ అడగరు. అడిగినా చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. నాలుగైదు వందలమంది మధ్య ఒక పూటంతా గడుపుతాం. ఒక్క కొత్త మనిషితోనైనా పట్టుమని పది మాటలు మాట్లాడకుండా ఇంటికి చేరతాం.

ఇందులో మనుషుల తప్పేమీ లేదు. కుర్చీలన్నీ వేదికకేసి తిప్పి వేసి ఉంటాయి. ఎవరూ చెప్పకపోయినా ఆడపెళ్లివారు ఒకవైపు, మగపెళ్లివారు ఇంకోవైపు సర్దుకుంటారు. సన్నాయి, డోలు, మైకు, వీడియోవాళ్ల లైట్లు. ఆ హోరులో పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. ముఖపరిచయం లేని మనిషితో గొంతు పెంచి ఏం మాట్లాడతాం? చిన్నగా నవ్వి ఊరుకుంటాం, లేదంటే ఫోను తీస్తాం.

వియ్యమంటే రెండు కుటుంబాలు కలవడం అంటాం. నిజానికి ఆ రోజు కలిసేది ఇద్దరు, మహా అయితే ఆ ఇద్దరి తల్లిదండ్రులు. మిగతావాళ్లు అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోంచేసి బయల్దేరతారు. రేపు ఆ అమ్మాయికి కొత్త ఊళ్లో ఏదైనా అవసరం పడితే, ఆ అబ్బాయికి ఈ ఊళ్లో ఒక పని పడితే, చేసిపెట్టగల మనుషులు ఆ రోజు అదే పందిట్లో ఉన్నారు. ఒకరికొకరు తెలియకుండానే వెళ్లిపోయారు.

దీనికి నాకు తోచిన ఉపాయం ఒకటి ఈ పూట మీ ముందు పెడతాను. పెళ్లి జరిగే చోట పచ్చిక ఉంటే, దాని మీద అందరూ ఆడగలిగే రెండు మూడు తేలికపాటి ఆటలు పెట్టండి. ఆడపెళ్లివారినీ మగపెళ్లివారినీ కలిపి జట్లు కట్టండి. పరిచయాలు వాటంతటవే అవుతాయి.

పెళ్లిలో ఆటలేమిటి, వింతగా ఉందే అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన పెళ్లికి ఆట కొత్తేమీ కాదు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు తలంబ్రాలు పోటీపడి పోసుకుంటారు. బిందెలో ఉంగరం వేసి ఇద్దరిచేతా తీయిస్తారు. పూలచెండ్లు విసురుకుంటారు. అయిదు రోజుల పెళ్లిళ్లు జరిగిన కాలంలో ఈ సరదా వాళ్లిద్దరితో ఆగేది కాదు. మగపెళ్లివారు విడిదింట్లో దిగగానే మొదలయ్యేది. వియ్యపురాళ్లు ఒకరినొకరు ఆటపట్టిస్తూ పాటలు పాడుకునేవారు. పసుపు, సున్నం కలిపిన వసంతాలు చల్లుకునేవారు. తెలంగాణలో ఎదురుకోళ్లంటే ఇప్పటికీ అంతే సందడి. రెండు వైపులవాళ్లూ ఎదురెదురుగా వస్తారు, పానకం ఇచ్చిపుచ్చుకుంటారు, గులాలు చల్లుకుంటారు.

వీటిని మన పెద్దలు వేడుకలన్నారు. వాటి వెనక ఎంతో తెలివి ఉందని నాకనిపిస్తుంది. బొత్తిగా ఎరుగని రెండు కుటుంబాలు ఒక్కసారి ఒక చోట చేరినప్పుడు బెరుకు ఉంటుంది, మర్యాదల దగ్గర పట్టింపులుంటాయి. ఒక పాట, ఒక పరిహాసం, ఒక దోసెడు రంగునీళ్లు ఆ బిగువును సడలిస్తాయి. వసంతం చల్లిన మనిషితో మర్నాడు ముభావంగా ఉండలేం కదా!

పెళ్లి ఒక పూటకు కుదించుకుపోయాక ఈ సందడి కూడా కుదించుకుపోయింది. హాలు అద్దె గంటల లెక్క. సాయంత్రానికి ఖాళీ చేయాలి, రేపు ఇంకొకరి పెళ్లి ఉంటుంది. మిగిలిన ఆటలు వధూవరులవి మాత్రమే. అవి కూడా కెమెరా కోసం ఆగి ఆగి ఆడేవి. చుట్టాలంతా ప్రేక్షకులైపోయారు. ఒకప్పుడు అయిదు రోజుల్లో మెల్లమెల్లగా కుదిరే చనువు ఇప్పుడు రెండు గంటల్లో కుదరాలి. అందుకే ఆటకు ఇవాళ మునుపటికన్నా ఎక్కువ పని ఉంది.

అదృష్టవశాత్తూ ఆ పనికి చోటు కూడా దొరికింది. ఇరవై, ముప్ఫై ఏళ్లుగా మన ఊళ్ల శివార్లలో పచ్చికబయళ్లున్న కల్యాణమండపాలు వెలిశాయి. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ, వరంగల్లు, ఎక్కడ చూసినా హాలు ముందు విశాలంగా పచ్చిక పరిచి ఉంటుంది. పాపం, దాని మీద ఫొటోలు దిగడం, బఫే బల్లలు వేయడం తప్ప మనం చేసేది ఏమీ లేదు.

పచ్చిక మీద ఆటలాడి పరిచయాలు పెంచుకోవడం ఇంగ్లండులో గట్టిగా నాటుకున్న అలవాటు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా కొడవళ్లతో మనుషులు కోయాల్సిన పచ్చికను సమంగా ఉంచడం దానితో తేలికైంది. తర్వాత 1850ల్లో ఐర్లండు నుంచి క్రోకే అనే ఆట అక్కడికి వచ్చింది. నేలలో గుచ్చిన కమ్మీల కిందుగా చెక్క బంతిని పొడవాటి సుత్తితో కొట్టి పంపించడం, అంతే ఆట. పరుగులు లేవు, తోపులాట లేదు. పొడవాటి గౌను వేసుకున్న అమ్మాయి, ముసలి తాతగారు, పదేళ్ల కుర్రవాడు ఒకే జట్టులో ఆడవచ్చు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఆరుబయట కలిసి ఆడే ఆటలు అరుదుగా ఉన్న ఆ రోజుల్లో క్రోకే ఇంటింటి ఆట అయింది. పెద్దల కళ్లెదుటే పడుచువాళ్లు మాట్లాడుకోవడానికి అదొక మర్యాదైన అవకాశం. ఇవాళ టెన్నిస్‌కు తీర్థక్షేత్రంలా చూసే వింబుల్డన్ క్లబ్బు 1868లో పుట్టింది క్రోకే కోసమే. టెన్నిస్ పోటీలు అక్కడ 1877లో మొదలయ్యాయి.

అమెరికాలో పెళ్లిళ్లకు ఈ ఆటలు చేరిన తీరు వేరు. అక్కడ పెళ్లి తంతు ముగిశాక వధూవరులు ఫొటోలకు వెళ్తారు. విందు మొదలయ్యేదాకా అతిథులకు గంటసేపు ఖాళీ. ఆ గంటను నింపడానికి తోటలో ఆటలు పెడతారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో కూడా ఇది కనిపిస్తోంది. అబ్బాయి గుంటూరు కుటుంబంవాడు, అమ్మాయి ఒహాయో కుటుంబానిది అనుకోండి. గుంటూరు నుంచి వచ్చిన పెదనాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అమ్మాయి తాతగారికి తెలుగు రాదు. ఇద్దరినీ పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెడితే చిరునవ్వు తర్వాత మాట సాగదు. చేతికి విసరడానికి చెరో గుడ్డ సంచి ఇచ్చి, అదుగో ఆ బల్లకున్న కన్నంలో వేయండి అంటే, ఇద్దరికీ వచ్చిన భాషే అది. ఇప్పుడు మన ఇళ్లలో కూడా కోడలు పంజాబీ, అల్లుడు మలయాళీ కావడం మామూలైంది. ఆట భాష అక్కడికెంత అవసరమో ఇక్కడికీ అంతే.

ఆట ఎందుకు పనిచేస్తుందో కొంచెం ఆలోచిద్దాం. కొత్త మనిషితో మాట్లాడటంలో ఉన్న కష్టమల్లా ఏం మాట్లాడాలో తెలియకపోవడమే. ఏ ఊరు, ఏం చేస్తారు, పిల్లలేం చదువుతున్నారు, ఈ మూడూ అయ్యాక ఇక ఏముంటుంది? ఆటలో ఆ ఇబ్బంది లేదు. విషయం కళ్ల ముందే దొర్లుతుంటుంది. చేతులకు పని ఉంటుంది, చూపు నిలపడానికి ఒక చోటుంటుంది. మాట ఆగిపోయినా ఎబ్బెట్టుగా అనిపించదు, అవతలివాళ్లు విసరబోతున్నారు కాబట్టి ఎలాగూ ఆగాలి. పైగా ఉద్యోగాలు, హోదాలు అక్కడ పక్కకు పోతాయి. కలెక్టరాఫీసులో పెద్ద హోదాలో ఉన్నాయన విసిరిన బంతి ఎక్కడికో పోవచ్చు, వంటింట్లోంచి వచ్చిన పిన్నిగారి బంతి గురి చూసి కొట్టవచ్చు. ఇద్దరూ కాసేపు సమానులు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. ఆట కలుపుతుంది, విడదీస్తుంది కూడా. జట్లు ఎలా కట్టామన్నదే అసలు సంగతి.

1954 వేసవిలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఒక ప్రయోగం చేశారు. రాబర్స్ కేవ్ అనే పార్కులో 22 మంది అబ్బాయిలకు వేసవి శిబిరం పెట్టారు. అందరూ పదకొండేళ్ల ఈడువాళ్లు. వాళ్లను రెండు జట్లు చేసి వేర్వేరుగా ఉంచారు. తర్వాత రెండు జట్లకూ బేస్‌బాల్, తాడులాగుడు వంటి పోటీలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే వాళ్లు ఒకరి జెండాలు ఒకరు తగలబెట్టుకునేదాకా, ఒకరి గదుల మీద ఒకరు దాడులు చేసుకునేదాకా వచ్చారు. సరే, సయోధ్య చేద్దామని రెండు జట్లనూ ఒకే చోట భోజనానికి కూర్చోబెట్టారు, సినిమా చూపించారు. అయినా కోపం తగ్గలేదు. భోజనాల దగ్గర తినేవి విసురుకున్నారు. చివరకు రెండు జట్లకూ కలిపి పని పెట్టారు. శిబిరానికి వచ్చే నీళ్లు ఆగిపోయాయి, ఎక్కడ అడ్డుపడిందో అందరూ కలిసి వెతకాలి. తిండి తేవలసిన లారీ స్టార్టు కాలేదు, అందరూ కలిసి లాగాలి. అంతకుముందు ఒకరి మీద ఒకరు పోటీపడి లాగిన ఆ తాడునే లారీకి కట్టి, అందరూ ఒక్కవైపు నిలబడి లాగారు. ఇలాంటి పనులు నాలుగైదు అయ్యేసరికి ఆ పిల్లలు స్నేహితులయ్యారు. ఇళ్లకు వెళ్లేటప్పుడు ఒకే బస్సులో వెళ్తామన్నారు.

మన పెళ్లిళ్లకు ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే విస్తరి వేసినంత మాత్రాన మనుషులు కలవరు. అలాగని ఆడపెళ్లివారు ఒక జట్టు, మగపెళ్లివారు ఒక జట్టు అని పోటీ పెడితే మొదటికే మోసం వస్తుంది. ఎవరు గెలిచినా రెండోవాళ్లకు మాట పడ్డట్టుంటుంది. నవ్వుతూ మొదలైంది పట్టింపుగా మారుతుంది. మైకు పట్టుకుని "అమ్మాయి తరఫు, అబ్బాయి తరఫు" అని కేకలు వేయించే పద్ధతి ఒకటి ఈమధ్య మన పెళ్లిళ్లలో కనిపిస్తోంది. దయచేసి అది వద్దు. అమ్మాయి బాబాయి, అబ్బాయి మేనత్త ఒక జట్టు. అబ్బాయి తోడబుట్టినవాడు, అమ్మాయి పెద్దమ్మ ఇంకో జట్టు. తాడు ఒకటే, లాగేది ఒక్కవైపుకే.

ఇక ఏ ఆటలు? చీర కట్టుకున్నవాళ్లు, పంచె కట్టుకున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పదేళ్ల పిల్లలు అందరూ ఆడగలగాలి. నియమం ఒక్క నిమిషంలో చెప్పేయగలగాలి. పది పదిహేను నిమిషాల్లో ఒక ఆట ముగియాలి. ఈ కొలతలకు సరిపోయేవి మూడు చెబుతాను.

మొదటిది పెటాంక్. ఇది దక్షిణ ఫ్రాన్సులో లా సియోటా అనే రేవుపట్నంలో 1910 ప్రాంతంలో పుట్టింది. అంతకుముందు అక్కడ బంతులు విసిరే ఆటలో కొన్ని అడుగులు పరుగెత్తి విసిరేవారు. జూల్ లెన్వార్ అనే ఆటగాడికి కీళ్లవాతం వచ్చి పరుగెత్తలేకపోయాడు. ఆయన కోసం, ఒక చిన్న వలయం గీసి రెండు కాళ్లూ అందులో ఆనించి కదలకుండా విసిరే పద్ధతి పెట్టారు. ఒక మనిషి నొప్పిని మన్నించి నియమాన్ని మార్చుకున్న ఆట అది. కీళ్లనొప్పుల పెద్దలున్న మన పెళ్లిళ్లకు ఇంతకన్నా తగిన ఆట ఏముంటుంది? ఆడే తీరు తేలిక. ముందు ఒక చిన్న చెక్క గోళీ విసురుతారు. ఆ గోళీకి ఎవరి బంతి దగ్గరగా పడితే వాళ్లకు పాయింటు. 13 పాయింట్లకు ఆట. అసలు ఆటలో గోళీ ఆరు నుంచి పది మీటర్ల దూరంలో ఉండాలి. పెళ్లిలో నాలుగు మీటర్లు చాలు, ఏడు పాయింట్లు చాలు. ఒకప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉన్న పుదుచ్చేరిలో ఇప్పటికీ ఈ ఆట ఆడుతుంటారు.

రెండోది అమెరికాలో బాగా ప్రాచుర్యంలో ఉన్న కార్న్‌హోల్. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న చెక్క బల్ల ఏటవాలుగా పెడతారు. పైభాగాన ఆరంగుళాల కన్నం ఉంటుంది. గుడ్డ సంచి విసిరి అందులో వేయాలి. కన్నంలో పడితే మూడు, బల్ల మీద ఆగితే ఒకటి. 21కి ఆట. సంచుల్లో ఒకప్పుడు ఎండు మొక్కజొన్న గింజలు పోసేవారు. మన దగ్గర చింతగింజలు పోసి కుట్టించుకోవచ్చు. ఆరంగుళాల చదరపు సంచి, అరకేజీకి కాస్త తక్కువ బరువు. ఏ దర్జీ అయినా ఒక పూటలో కుడతాడు. బల్లను వీధి చివరి వడ్రంగి చేసిపెడతాడు. నియమం ప్రకారం బల్లల మధ్య 27 అడుగుల దూరం ఉండాలి. మనం అందులో సగానికి తగ్గించుకుంటే ఎవరికీ భుజం నొప్పి రాదు.

మూడోది ఫిన్లండు దేశపు మోల్కీ. 1996లో పాత ఆటలను ఆధారం చేసుకుని తయారైంది. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసిన చెక్క దిమ్మెలను గుంపుగా నిలబెడతారు. ఒక కర్ర ముక్క విసిరి పడగొట్టాలి. ఒక్క దిమ్మె పడితే దాని మీదున్న అంకె మీది. ఒకటి కన్నా ఎక్కువ పడితే ఎన్ని పడ్డాయో అన్ని పాయింట్లు. సరిగ్గా యాభై చేయాలి. యాభై దాటితే తిరిగి ఇరవై అయిదుకు దిగిపోతారు. ఈ ఒక్క నియమం వల్ల వెనకబడినవాళ్లకు చివరిదాకా ఆశ ఉంటుంది, ముందున్నవాళ్లు లెక్క వేసుకుంటూ జట్టువాళ్లను సలహా అడుగుతారు. "నాకు ఏడు కావాలి, ఏది కొట్టమంటారు?" అని ఒకావిడ వెనక్కి తిరిగి అడిగిందంటే పరిచయం అయిపోయినట్టే. దిమ్మెలకు వేరే ఖర్చు అక్కర్లేదు. పందిరికి తెచ్చిన సరుగుడు గుంజల్లో మిగిలిన ముక్కలు కోసి, చెక్కి నునుపు చేసి, రంగుతో అంకెలు వేస్తే చాలు.

మన ఆటలు లేవా అంటారా? ఎందుకు లేవు! ఏడు పెంకులాట ఉంది. పడుచువాళ్లు, పిల్లలు పట్టుచీరలూ పంచెలూ మార్చుకున్నాక గుడ్డ బంతితో హాయిగా ఆడుకోవచ్చు. చెట్టు నీడన చాప పరిచి వామనగుంటల పీట పెట్టండి. ఇటు అమ్మమ్మ, అటు ఆ ఇంటి చిన్నపిల్ల కూర్చుంటే గంట గడిచిందే తెలియదు. బొంగరం ఎలా తిప్పాలో తాతగారు నేర్పితే ఎంతమంది పిల్లలు మూగుతారో చూడండి. బిళ్లంగోడు మాత్రం వద్దు, నలుగురూ తిరిగే చోట కళ్లకు ప్రమాదం. విదేశీ ఆటల్లోనూ పదునైనవి వద్దు. పచ్చిక మీదికి విసిరే మొనదేలిన బాణాల ఆట వల్ల పిల్లల ప్రాణాలు పోయాక 1988లో అమెరికా ప్రభుత్వం వాటి అమ్మకాన్నే నిషేధించింది.

కుర్చీలాట గురించి ఒక మాట. మనకు బాగా అలవాటైన ఆట, నవ్వులూ వస్తాయి. కాని అందులో ఓడినవాళ్లు ఒక్కొక్కరే బయటికి పోతారు. చివరికి ఇద్దరు ఆడితే ముప్ఫైమంది చూస్తారు. మనుషులను కలపడానికి పెట్టే ఆటలో ఎవరూ బయటికి పోకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు మధ్యలో చేరగలగాలి కూడా.

ఆమధ్య నేను వెళ్లిన ఒక పెళ్లిలో చూసింది చెబుతాను. గోదావరి జిల్లాలో ఒక తోట. సాయంత్రం అయిదైంది, ముహూర్తం రాత్రికి. మగపెళ్లివారి తరఫున ఒక పెద్దాయన, అబ్బాయికి పెదతాత వరస, గోడవారగా కుర్చీ వేయించుకుని ఒక్కరే కూర్చున్నారు. పచ్చిక మీద చెక్క బంతులతో పెటాంక్ ఆడుతున్నారు. రెండు బంతులు గోళీకి దాదాపు సమానంగా పడ్డాయి. ఏది దగ్గరని వాదన మొదలైంది. ఒకరు జానతో కొలిచారు, ఒకరు చెప్పుతో కొలిచారు. పెద్దాయన లేచి వచ్చి, "ఆగండమ్మా, అలా కాదు" అని భుజం మీది కండువా తీశారు. అమ్మాయి మేనత్తగారిని కండువా ఒక కొస గోళీకి ఆనించి పట్టుకోమన్నారు. తాను రెండో వైపు బిగించి, ఆనిన చోట గోటితో నొక్కి గుర్తు పెట్టారు. చుట్టూ ఎనిమిదిమంది వంగి చూస్తున్నారు. "ఎర్రబంతిదే" అన్నారు. "బాబాయిగారూ, మీరు మావైపు కాదా?" అంది ఆవిడ నవ్వుతూ. "కొలతకు వైపులేమిటమ్మా" అన్నారాయన. అక్కడి నుంచి ఆ సాయంత్రమంతా ఆయనే తీర్పరి. ఆవిడే ఆయనకు కాఫీ తెచ్చి ఇచ్చింది. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. వాళ్లిద్దరిదీ ఒకే తాలూకా అని, ఆయన పొలం పక్క పొలం ఆవిడ పుట్టింటివారిదని అప్పుడు తెలిసింది. ఆ సంగతి మండపంలో చెరోవైపు వరసల్లో కూర్చుంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇది సాఫీగా సాగడానికి కొన్ని జాగ్రత్తలు.

ముహూర్తానికి అడ్డు రాకూడదు. జీలకర్ర బెల్లం వేళకు అందరూ మండపంలో ఉండాలి. ఆటకు తగిన వేళ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా. ముహూర్తం రాత్రికైతే ఆ సాయంత్రం, పొద్దున్నే అయితే ముందురోజు సాయంత్రం, లేదా రిసెప్షను ముందు గంటన్నర. మాఘ, ఫాల్గుణాల్లో, కార్తికంలో హాయిగా ఉంటుంది. వైశాఖ, జ్యేష్ఠాల్లో అయిదున్నరకు ముందు మొదలుపెట్టకండి. నీళ్లు, మజ్జిగ అందుబాటులో ఉంచండి. శ్రావణంలో వానకు సిద్ధపడి, చాప పరిచిన వసారాలో ఒక బల్ల పెట్టుకోండి.

పచ్చికకు ఆ రోజు నీళ్లు ఉదయమే పెట్టమని తోటమాలికి ముందుగా చెప్పండి. సాయంత్రం తడిపితే చీర కుచ్చిళ్లు బురదవుతాయి, పెద్దవాళ్లు జారుతారు. చెప్పులు విడిచి ఆడేలా ఉండాలి కనుక గాజు పెంకులు, ముళ్లు లేకుండా ఒకసారి ఊడిపించండి. మండపానికి, బఫేకి, పిల్లలు పరుగెత్తే దారికి దూరంగా హద్దు కట్టండి. పక్కనే పది కుర్చీలు వేయించండి. ఆడనివాళ్లు చూస్తూ కూర్చుంటారు, కాసేపటికి వాళ్లే సలహాలు చెబుతారు, ఆ తర్వాత లేచి వస్తారు.

జట్లు కట్టడం ముఖ్యమన్నాను. దానికి మన దగ్గర అందమైన వీలుంది. గుమ్మం దగ్గర పన్నీరు చల్లి, గంధం రాసి, పువ్వు ఇస్తాం కదా. అక్కడే ఒక బుట్టలో బంతి, చామంతి, కనకాంబరం, మల్లె కలిపి పెట్టండి. ఎవరి చేతికి ఏది వస్తే అది. బంతిపూలవాళ్లంతా ఒక జట్టు, చామంతులవాళ్లంతా ఒక జట్టు. ఎవరినీ ఎవరూ ఎంచలేదు, ఎవరికీ చిన్నతనం లేదు. అత్తాకోడళ్లు ఒకే పువ్వు తీసుకుంటే సంతోషం, వేరే పువ్వులు తీసుకున్నా సంతోషమే.

ఆడించడానికి ఇద్దరుండాలి. ఒకరు ఆడపెళ్లివారి తరఫు, ఒకరు మగపెళ్లివారి తరఫు. రెండు ఇళ్లలోనూ నలుగురినీ వరసపెట్టి పిలిచే కలుపుగోలు మనిషి ఒకరుంటారు, మీకు పేరు ఇప్పటికే తట్టి ఉంటుంది. వాళ్లిద్దరికీ వారం ముందే ఫోన్లో పరిచయం చేయండి. వాళ్ల పని గెలుపోటములు చెప్పడం కాదు. "మామయ్యగారూ, ఈవిడ పెళ్లికూతురి పిన్నిగారు, మీరిద్దరూ చామంతి జట్టు" అని పరిచయం చేసి పక్కకు తప్పుకోవడం. మైకు వాడకూడదు. పేరు పెట్టి అందరి ముందూ పిలిస్తే మొహమాటస్తులు మరింత ముడుచుకుపోతారు. దగ్గరికెళ్లి నెమ్మదిగా పిలవండి. రానంటే బలవంతపెట్టకండి. లెక్క రాయమని ఒక పలక ఇవ్వండి, తీర్పు చెప్పమనండి. ఆడకుండానే ఆటలో ఉంటారు.

పెద్ద బహుమతులు పెట్టవద్దు, పందేలు అసలే వద్దు. గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఒకే తాంబూలం ఇవ్వండి. కావాలంటే పిల్లలకు తలొక బొంగరం ఇవ్వండి. ఖర్చు విషయానికొస్తే, ఇవాళ పెళ్లి వేదిక పూల అలంకరణకు పెట్టేదాంట్లో ఇది లెక్కలోకి రాదు. చెక్క ముక్కలు, గుడ్డ సంచులు, చింతగింజలు. మర్నాడు ఆ సామానంతా ఊళ్లో బడికి ఇచ్చేయవచ్చు.

పెళ్లి పవిత్రమైన కార్యం, అందులో ఆటలు తగవని అనే పెద్దలుంటే వాళ్లతో వాదించకండి. వాళ్ల చిన్నతనంలో పెళ్లిళ్లు ఎలా జరిగేవో చెప్పమనండి. విడిదింటి సరదాలు, వసంతాలు, వియ్యపురాళ్ల పాటలు అన్నీ వాళ్లే చెబుతారు. ఆ తర్వాత మొదటి బంతి వాళ్లచేతనే విసిరించండి.

పెళ్లయ్యాక అమ్మాయి అత్తవారింట్లో అడుగుపెడుతుంది. అక్కడ శుభకార్యాలుంటాయి, అనారోగ్యాలుంటాయి, మాటపట్టింపులుంటాయి. అప్పుడు రెండు వైపులవాళ్లూ ఫోను చేసుకోగలగాలి, ఒకరి గుమ్మంలోకి ఒకరు చొరవగా వెళ్లగలగాలి. ఆ చొరవ అవసరం పడ్డ రోజున పుట్టదు, ముందే పుట్టి ఉండాలి. పెళ్లిరోజున కలిసి నవ్విన మనుషుల మధ్య అది తేలిగ్గా పుడుతుంది. అందుకే దీన్ని కాలక్షేపం కింద కాక, పెళ్లి పనుల్లో ఒక పనిగా లెక్కించమని నా మనవి.

మీ ఇంట్లో ఈ ఏడు శుభకార్యం ఉంటే, శుభలేఖలు అచ్చుకిచ్చే రోజునే వియ్యాలవారికి ఒక ఫోను చేయండి. "మీ వైపు కలుపుగోలుగా ఉండే మనిషి ఎవరు?" అని అడగండి. ఆ పేరు రాసుకోండి. మీవైపు నుంచి ఒక పేరు చెప్పండి. మిగతా ఏర్పాట్లు ఆ ఇద్దరూ చూసుకుంటారు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన చుట్టాలను ఈసారి "కొత్తగా ఎవరు పరిచయమయ్యారు?" అని కూడా అడగండి. జవాబుకు కాస్త తీరిక చేసుకుని కూర్చోండి, చాలాసేపు చెబుతారు.